భయమెరుగని నాడియా



ఫైటింగు సినిమా అంటే ఇష్టంలేని వాళ్లు మన హాస్టల్లో ఎవరైనా ఉన్నారా? పాట వచ్చినప్పుడు నీళ్లు తాగడానికి లేచివెళ్లిన వాళ్లు కూడా ఫైటింగు మొదలయ్యిందంటే చాలు, గ్లాసు అక్కడే వదిలేసి పరుగెత్తుకొస్తారు. హీరో ఒక్క గుద్దు గుద్దితే పదిమంది ఎగిరి అవతల పడతారు. కర్ర ఒంటికి తగలకముందే రౌడీ కేక పెడతాడు. ఆరు గుళ్లు పట్టే పిస్తోలు అరవై సార్లు పేలుతుంది. కొండ మీదనుంచి జీపు పడి మండిపోతుంది గానీ హీరో చొక్కా మాత్రం నలగదు. ఇదంతా ఉత్తిదేనని ఆరో తరగతి పిల్లాడిక్కూడా తెలుసు. తెలిసి కూడా చూస్తాం, చప్పట్లు కొడతాం. పెద్దలు ఇవి పనికిమాలిన సినిమాలని, చదువు పాడుచేస్తాయని అంటారు. వాళ్ల మాటలోనూ కొంత నిజముంది. కానీ ఇవంటే అందరికీ ఇంత ఇష్టం ఎందుకు అన్నది కూడా ఆలోచించాలి కదా.

ఈ రకం సినిమాలు నిన్న మొన్న పుట్టినవి కావు. మన దేశంలో మాట్లాడే సినిమా 1931లో వచ్చింది. ఆ తర్వాత నాలుగేళ్లకే ముఖానికి ముసుగు, కాళ్లకు బూట్లు, చేతిలో కొరడాతో ఒక ఆడమనిషి గుర్రమెక్కి తెర మీదకి దూకింది. మగవాళ్లని గాల్లోకి ఎత్తి విసిరేసింది. జనం వెర్రెత్తిపోయారు. ఆమె పేరు నాడియా. భయమెరుగని నాడియా అని ఆమెకి బిరుదు. ఆమె జీవితం తెలుసుకుంటే ఫైటింగు సినిమా సంగతి కూడా మనకి అర్థమవుతుంది.

బాల్యం

నాడియా అసలు పేరు మేరీ ఆన్ ఎవాన్స్. ఆమె 1908 జనవరి 8న ఆస్ట్రేలియా దేశంలోని పెర్త్ నగరంలో పుట్టింది. తండ్రి హెర్బర్ట్ ఎవాన్స్ స్కాట్లాండు వాడు, బ్రిటిషు సైన్యంలో పనిచేసేవాడు. తల్లి మార్గరెట్ గ్రీకు జాతి స్త్రీ. తండ్రిని మన దేశానికి పంపడంతో 1913లో కుటుంబమంతా ఓడెక్కి బొంబాయి చేరుకుంది. అప్పటికి మేరీకి అయిదేళ్లు. మరుసటి సంవత్సరమే మొదటి ప్రపంచయుద్ధం మొదలయ్యింది. 1915లో తండ్రి ఆ యుద్ధంలో చనిపోయాడు. ఏడేళ్ల పిల్ల, పరాయి దేశం, తండ్రి లేడు. ఆమె కథ అక్కడ మొదలయ్యింది.

1922లో ఆమె పెషావరు వెళ్లింది. ఆ ఊరు ఇప్పుడు పాకిస్తానులో ఉంది. అప్పుడది బ్రిటిషు ఇండియాకి వాయవ్య సరిహద్దు. చుట్టూ కొండలు, సైనికుల గుడారాలు, గుర్రాలు. అక్కడ ఆమె గుర్రపుస్వారీ నేర్చుకుంది, చేపలు పట్టింది, వేటకి వెళ్లింది, తుపాకీ పేల్చడం నేర్చుకుంది. ఆడపిల్లకి ఇవన్నీ ఎందుకని ఎవరైనా అనుకునే ఉంటారు. కానీ అప్పుడు ఆటగా నేర్చుకున్నవే తర్వాత ఆమెకి అన్నం పెట్టాయి. మనలో కూడా వాగులో ఈదేవాళ్లు, ఎంత పెద్ద చెట్టయినా చకచకా ఎక్కేవాళ్లు ఉన్నారు. అవి కూడా విద్యలేనని మనం మరిచిపోకూడదు.

బతుకుతెరువు

1928లో ఆమె తిరిగి బొంబాయి వచ్చింది. బతకాలంటే పని చెయ్యాలి. ఒక పెద్ద దుకాణంలో సరుకులు అమ్మే ఉద్యోగం చేసింది. టైపు, షార్ట్‌హ్యాండు నేర్చుకుంది. ఒళ్లు కొంచెం లావుగా ఉండేది. వ్యాయామంగా ఉంటుందని మేడం ఆస్ట్రోవా అనే రష్యను నాట్యగత్తె దగ్గర బ్యాలే నాట్యంలో చేరింది. ఆ నాట్యబృందంతో కలిసి దేశమంతా తిరిగింది. సిపాయిల ముందు, రాజుల కోటల్లో, చిన్న చిన్న ఊళ్లలో కూడా ఆడింది. పిల్లిమొగ్గలు వెయ్యడం, నేల మీద కాళ్లు రెండువైపులా బారగా చాపి కూర్చోవడం ఆమెకి మంచినీళ్ల ప్రాయం. కొంతకాలం జార్కో సర్కస్‌లో కూడా పనిచేసింది.

ఆమె పేరు మారడం వెనక ఒక కథ చెబుతారు. జోస్యం చెప్పే ఒక ఆర్మీనియా స్త్రీ, న అక్షరంతో మొదలయ్యే పేరు పెట్టుకుంటే కలిసొస్తుందని ఆమెకి చెప్పిందట. అప్పుడు ఆమె నాడియా అనే పేరు ఎంచుకుంది. జోస్యం సంగతి ఎలా ఉన్నా, మేరీ ఎవాన్స్ పేరు ఇవాళ ఎవరికీ తెలియదు, నాడియా పేరు మాత్రం నిలిచిపోయింది.

వాడియా అన్నదమ్ములు

అప్పట్లో బొంబాయిలో వాడియా అన్నదమ్ములు సినిమాలు తీసేవారు. వీళ్లు పార్సీలు. వీళ్ల పూర్వీకులు ఓడలు కట్టడంలో పేరుమోసిన వాళ్లు. అన్నగారు జె.బి.హెచ్. వాడియా, తమ్ముడు హోమీ వాడియా. అన్న పెద్ద చదువులు చదివినవాడు. మంచి ఉద్యోగం చేసుకుని సుఖంగా ఉండకుండా ఈ సినిమాలేమిటని ఇంట్లోవాళ్లు బాధపడ్డారు. ఆయన వినలేదు. ఆయనకి డగ్లస్ ఫేర్‌బాంక్స్ అనే అమెరికా నటుడి సినిమాలంటే ప్రాణం. 1920లో వచ్చిన 'ది మార్క్ ఆఫ్ జోరో'లో ఈ ఫేర్‌బాంక్స్ ముసుగు వేసుకుని, కత్తి పట్టుకుని, గోడలు దూకి బీదవాళ్లని కాపాడతాడు. అలాంటి సినిమాలు మన దేశంలోనూ రావాలని వాడియా కోరిక. 1933లో అన్నదమ్ములు వాడియా మూవీటోన్ అనే కంపెనీ పెట్టారు.

నాడియా వాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఆమెకి హిందీ సరిగ్గా పలకదు. జుట్టు బంగారు రంగు, కళ్లు నీలం. హిందూదేశపు హీరోయిన్‌లాగ ఏ కోశానా లేదు. పేరు నందాదేవి అని మార్చుకుని, నల్లటి పొడుగు జడ పెట్టుకోమని పెద్ద వాడియా సలహా ఇచ్చాడట. ఆమె ఒప్పుకోలేదు. తను ఎలా ఉందో అలాగే ఉంటానంది. చివరికి ఆయనే తగ్గాడు. మొదట ఒకటి రెండు సినిమాల్లో చిన్న వేషాలిచ్చి చూశారు. జనానికి నచ్చింది. అప్పుడు ఆమెనే హీరోగా పెట్టి ఒక సినిమా తియ్యాలనుకున్నారు. హీరోయిన్‌గా కాదు, హీరోగా. ఇది గమనించాలి.

హంటర్‌వాలీ

1935లో వచ్చిన ఆ సినిమా పేరు 'హంటర్‌వాలీ'. హంటర్ అంటే కొరడా. దర్శకుడు తమ్ముడు హోమీ వాడియా. కథ మనం వంద సినిమాల్లో చూసిన కథే. ఒక రాజుగారు, ఆయనకి మాధురి అనే కూతురు. దుర్మార్గుడైన మంత్రి రణమల్ రాజుని బంధించి, రాజకుమార్తెని పెళ్లి చేసుకుని రాజ్యం కాజేయాలని చూస్తాడు. పగలు ఏమీ చెయ్యలేని మాధురి ముసుగు వేసుకుని హంటర్‌వాలీగా మారి మంత్రి మనుషుల పని పడుతుంది, బీదవాళ్లని ఆదుకుంటుంది. చివరికి ధర్మం గెలుస్తుంది.

దీనికి సుమారు 80 వేల రూపాయలు ఖర్చయ్యాయని చెబుతారు. ఆ రోజుల్లో అది పెద్ద మొత్తం. సినిమా చూసిన డిస్ట్రిబ్యూటర్లు భయపడ్డారు. తెల్లామె పొట్టి లాగు వేసుకుని మగాళ్లని చితకబాదడం ఎవరు చూస్తారని ఒక్కరూ కొనలేదు. చేసేదిలేక వాడియాలు తామే పూనుకుని బొంబాయిలోని సూపర్ సినిమా హాల్లో విడుదల చేశారు. ఇంకేముంది! ఆ బొమ్మ 25 వారాలకు పైగా ఆడింది. ఆమె గుర్రం మీద చెయ్యెత్తి కేక వేస్తే హాలంతా తిరిగి కేక వేసేదట. బజార్లో ఆమె పేరుతో కొరడాలు, బెల్టులు, అగ్గిపెట్టెలు అమ్ముడుపోయాయి. వాటి మీద కంపెనీకి పైసా కూడా రాలేదు గానీ పేరు మాత్రం మారుమూలలకు పాకిపోయింది.

ఇక్కడ ఒక సంగతి ఆలోచించాలి. అది తెల్లవాళ్ల పరిపాలన కాలం. స్వతంత్రం గురించి సినిమాలో నేరుగా మాట్లాడితే సెన్సారు వాళ్లు కత్తిరించేవారు. కానీ రాజ్యం ఎవరిదో, దాన్ని కాజేసినవాడు ఎవడో కథలో చెబితే కత్తిరించడానికి ఏముంటుంది? అసలు రాజు చెరసాలలో ఉన్నాడు, దొంగ సింహాసనం మీద కూర్చున్నాడు అంటే నేల మీద కూర్చుని చూసే జనానికి తెలియకుండా పోతుందా? విచిత్రమేమంటే, ఆ దొంగని తన్నే పాత్రలో ఉన్నది కూడా తెల్లామే. అయినా జనం ఆమెని తమ మనిషిగానే చూసుకున్నారు. ఆమె ఎవరి పక్షాన నిలబడిందన్నదే వాళ్లు చూశారు, ఒంటి రంగు చూడలేదు.

రైలు మీద ఫైటింగు

మరుసటి సంవత్సరం 1936లో 'మిస్ ఫ్రాంటియర్ మెయిల్' వచ్చింది. ఫ్రాంటియర్ మెయిల్ అనేది బొంబాయి నుంచి పెషావరు వెళ్లే పేరుపొందిన రైలు. నాడియా పెరిగిన రెండు ఊళ్లనీ కలిపిన రైలు అదే. ఈ సినిమాలో విలను పేరు సిగ్నల్ ఎక్స్. ముఖం కనపడకుండా ముసుగు వేసుకుని తిరుగుతాడు. రైలు వంతెనలు పేల్చేస్తే జనం రైళ్లు మానేసి విమానాలెక్కుతారని, దాంతో విమానాల వ్యాపారం బాగుపడుతుందని వాడి పన్నాగం! ఇంత తిక్క ఆలోచన మన రోజుల్లోని విలన్లకి కూడా రాదు. నాడియా పరుగెత్తే రైలు కప్పు మీద రౌడీలతో కలబడుతుంది. ఒకణ్ని ఇటు, ఒకణ్ని అటు విసురుతుంది. ఆమె కసరత్తు చేసే సీను కూడా ఇందులో ఉంది.

అక్కడినుంచి వరసగా సినిమాలు. 1938లో 'లుటారూ లల్నా', 1939లో 'పంజాబ్ మెయిల్', 1940లో 'డైమండ్ క్వీన్', 1942లో 'జంగిల్ ప్రిన్సెస్', 1943లో 'హంటర్‌వాలీ కీ బేటీ'. ఆమె పక్కన జాన్ కావాస్ అనే కండలవీరుడు ఉండేవాడు. ఇంకా తమాషా ఏమంటే ఆమెకి తోడుగా ఒక గుర్రం, ఒక కుక్క, ఒక మోటారుకారు ఉండేవి. గుర్రం పేరు పంజాబ్ కా బేటా. కుక్క పేరు గన్‌బోట్. డొక్కు కారు పేరు రోల్స్‌రాయిస్ కీ బేటీ. పోస్టర్లో మనుషుల పేర్లతోపాటు వీటి పేర్లు కూడా వేసేవారు. కుక్క పరుగెత్తుకెళ్లి కబురు చెప్పడం, గుర్రం తలుపు తన్ని ఖైదీని విడిపించడం, ఇలాంటివి చూసి పిల్లలు గంతులు వేసేవారు.

ట్రిక్కు ఎంత, నిజం ఎంత

సినిమా ఫైటింగులో మోసం ఎలా చేస్తారో తెలుసుకుందాం. సినిమా అంటే సెకనుకి 24 బొమ్మలు మన కళ్ల ముందు మారడం. ఫైటింగు తీసేటప్పుడు కెమెరాని కొంచెం మెల్లగా తిప్పి సెకనుకి 18 లేక 20 బొమ్మలే తీస్తారు. దాన్ని హాల్లో 24 లెక్కన వేస్తే మనుషులు మామూలు కన్నా జోరుగా కొట్టుకుంటున్నట్టు ఉంటుంది. గుద్దు ముఖానికి జానెడు దూరంలోనే ఆగిపోతుంది, కానీ కెమెరా ఒక పక్కన ఉంటుంది కాబట్టి మనకి తగిలినట్టే కనిపిస్తుంది. చప్పుడు తర్వాత కలుపుతారు.

నాడియా సినిమాల్లో ట్రిక్కులు చేసే బాబూభాయ్ మిస్త్రీ అనే ఆయన చాలా తెలివైనవాడు. కంటికి కనపడని నల్లదారాలతో వస్తువుల్ని గాల్లో తేల్చేవాడు. 1942లో వచ్చిన 'ముకాబలా'లో నాడియాది రెండు వేషాలు, అక్కచెల్లెళ్లుగా. కెమెరా అద్దం సగం మూసి ఒక పక్క వేషం తీస్తారు. ఫిలిం వెనక్కి తిప్పి, ఈసారి రెండో సగం మూసి అవతలి వేషం తీస్తారు. రెండూ ఒకే బొమ్మలో పడతాయి. మన తెలుగులో విఠలాచార్యగారి సినిమాల్లో దయ్యాలు, మంత్రగాళ్లు చేసే వింతలన్నీ ఇలాంటి కెమెరా ట్రిక్కులే.

కానీ నాడియా ఒళ్లు మాత్రం ట్రిక్కు కాదు. ఇదే అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. ఆమె డూపుని పెట్టుకోలేదు. రైలు కప్పు మీద ఉన్నది ఆమే, తాడు పట్టుకుని ఊగిందీ ఆమే, పెద్ద మనిషిని రెండు చేతులతో నెత్తి మీదకి ఎత్తిందీ ఆమే. 'జంగిల్ ప్రిన్సెస్'లో సింహాల పక్కన నిలబడింది, అవి బొమ్మ సింహాలు కావు. ఇప్పట్లాగ నడుముకి కట్టే ఇనపతీగలు, కింద పరిచే మెత్తటి పరుపులు, కంప్యూటరు బొమ్మలు అప్పుడు లేవు. కాలుజారితే జారినట్టే. కథ అబద్ధం, కోట అట్టముక్కల కోట, గడ్డాలు అతికించిన గడ్డాలు. కానీ అంత అబద్ధం మధ్యలో ఒక మనిషి నిజంగా దూకుతోంది. జనం ఊపిరి బిగబట్టింది అందుకే.

ఎవరు చూశారు, ఎవరు నవ్వారు

చదువుకున్న పెద్దలు ఈ స్టంటు సినిమాలని చులకన చేసేవారు. పత్రికలవాళ్లు కుటుంబకథలు, పురాణాలు మెచ్చుకునేవారు, వీటిని మాత్రం పక్కన పెట్టేవారు. వీటిని చూసేది మిల్లుల్లో పనిచేసే కూలీలు, టాంగా తోలేవాళ్లు, చిన్న ఊళ్లలో అణాలిచ్చి నేలటిక్కెట్టు కొనుక్కునేవాళ్లు. హీరో మాటలు పూర్తిగా అర్థం కాకపోయినా ఫైటింగు అందరికీ అర్థమవుతుంది. దానికి భాష అక్కర్లేదు. మనలో చాలామందికి ఇంట్లో భాష వేరు, బళ్లో భాష వేరు. కాబట్టి ఈ మాటలో నిజమెంతో మనకి బాగా తెలుసు.

కూలివాడు పగలంతా మేస్త్రీ చేత తిట్లు తింటాడు. తిరిగి ఒక్క మాట అనలేడు. సాయంత్రం సినిమాహాల్లో తనలాంటి వాళ్లని హింసించినవాణ్ని ఒక ఆడమనిషి కొరడాతో కొడుతుంటే వాడికి ప్రాణం లేచొస్తుంది. బయట కోర్టులో ఏళ్లు పట్టే తీర్పు సినిమాలో మూడు గంటల్లో వచ్చేస్తుంది. అది అబద్ధమని వాడికి తెలియక కాదు. న్యాయం అలా త్వరగా జరగాలన్న కోరిక మాత్రం అబద్ధం కాదు. ఫైటింగు సినిమా అంటే ఇష్టం ఎందుకంటే ఇదీ జవాబు.

ఆడవాళ్ల విషయం ఇంకా గొప్పది. ఆ రోజుల్లో సినిమాల్లో ఆడవాళ్లు ఎక్కువగా ఏడ్చేవాళ్లు, భర్త కోసం ఎదురుచూసేవాళ్లు. నాడియా ఎవరో వచ్చి కాపాడతారని చూడలేదు. హీరో ప్రమాదంలో పడితే తనే వెళ్లి భుజాన వేసుకొచ్చేది. 'డైమండ్ క్వీన్' కథ మనం తప్పక తెలుసుకోవాలి. అందులో మధురిక అనే అమ్మాయి బొంబాయిలో చదువుకుని తన ఊరికి తిరిగి వస్తుంది. వచ్చి చూస్తే ఊరంతా దుర్మార్గుల చేతిలో ఉంటుంది. జనం సొమ్ము తినేస్తూ ఉంటారు. ఆమె భయపడి వెనక్కి పోదు, ఎదిరిస్తుంది. ఆడవాళ్లు చదువుకోవాలని, ఆడవాళ్లకి స్వేచ్ఛ రానిదే దేశానికి స్వేచ్ఛ రాదని ఆ సినిమాలో చెప్పించారు. పెద్ద వాడియా ఎం.ఎన్. రాయ్ భావాలని అభిమానించేవాడు. అందుకే ఆయన ఫైటింగుల మధ్యలో ఇలాంటి మాటలు కలిపేవాడు.

తర్వాత మన తెలుగులో కూడా ఇలాంటి సినిమాలు వచ్చాయి. 1970లో కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో 'రౌడీరాణి' వచ్చింది, అందులో విజయలలిత ఫైటింగులు చేసింది. 1990లో 'కర్తవ్యం'లో విజయశాంతి పోలీసు ఆఫీసరుగా నటించి జాతీయ ఉత్తమనటి బహుమతి పొందింది. ఒకప్పుడు చులకనగా చూసిన ఫైటింగుకే ఆ గౌరవం దక్కింది.

అడవి సినిమాల సంగతి

నాడియాని మెచ్చుకున్నంత మాత్రాన ఆ రకం సినిమాల్లో ఉన్నవన్నీ మంచివే అనుకోకూడదు. అప్పట్లో జంగిల్ సినిమాలు అని ఒక రకం ఉండేది. వాడియాలు 1937లో జాన్ కావాస్‌తో 'తూఫానీ టార్జాన్' తీశారు. ఈ అడవి కథలు అమెరికా సినిమాల నుంచి వచ్చాయి. ఆ తర్వాత అన్ని భాషల్లోనూ చాలామంది తీశారు. ఇలాంటి సినిమాల్లో అడవి మనుషులు ఎలా ఉంటారో మనందరం చూశాం. ఒంటికి మసి, తలలో ఈకలు, చేతిలో బల్లెం. ఎవరికీ అర్థంకాని అరుపులు. హీరోయిన్ని గుంజకి కట్టి చుట్టూ గంతులు. పట్నం హీరో వచ్చి అందరినీ కొడితే కథ అయిపోతుంది.

ఆ సీను వచ్చినప్పుడు హాల్లో అందరూ నవ్వుతారు. మనం ఏం చెయ్యాలి? మనం ఆ అడవి వాళ్లమే కదా. కోయల కొమ్ము నృత్యం, మన్యంలో థింసా, గోండుల గుస్సాడి వీటిలో ఏదీ మనిషిని కట్టేసి ఆడేది కాదు. ప్రతిదానికీ ఒక పండగ, ఒక కాలం, ఒక అర్థం ఉన్నాయి. విల్లు మన తాతల చేతిలో ఆట వస్తువు కాదు. గోండు రాజ్యాన్ని ఏలిన రాణీ దుర్గావతి 1564లో అక్బరు సేనలతో యుద్ధంలో పోరాడి ప్రాణం విడిచింది. అదీ ఫైటింగే, అట్టముక్కల కోట లేని ఫైటింగు. అలాంటివి మనవాళ్లు ఎవరైనా ముందుముందు సినిమాగా తియ్యాలి. అప్పటిదాకా సినిమా చూసేటప్పుడు ఒక కన్ను సంతోషంగా చూసినా, రెండో కన్ను తెరిచే ఉంచాలి.

పెళ్లి, చివరి రోజులు

1942లో అన్నదమ్ములు వేరుపడ్డారు. అన్నకి ఇతర రకాల సినిమాల మీద మనసుపోయింది. హోమీ బసంత్ పిక్చర్స్ అని సొంత కంపెనీ పెట్టుకున్నాడు. వాడియా స్టూడియో వి. శాంతారాం చేతికి వచ్చి రాజ్‌కమల్ కళామందిర్ అయ్యింది. నాడియా హోమీతోనే ఉండి అతని సినిమాల్లో నటించింది. ఇద్దరూ ఒకరినొకరు ఇష్టపడ్డారు. కానీ హోమీ తల్లికి ఈ సంబంధం ఇష్టంలేదు. ఆమె మనసు కష్టపెట్టడం ఇష్టంలేక ఆమె బతికినంత కాలం వాళ్లు పెళ్లి చేసుకోలేదు. చివరికి 1961లో చేసుకున్నారు. అప్పటికి నాడియాకి 53 ఏళ్లు. సింహాల ముందు నిలబడిన మనిషి ఒక తల్లి మాట కోసం అన్నేళ్లు ఆగింది. అదీ ధైర్యమే.

ఆమె చివరి సినిమా 1968లో వచ్చిన 'ఖిలాడీ'. అప్పుడామె వయసు 60. ఆ తర్వాత జనం ఆమెని దాదాపు మరిచిపోయారు. 1993లో వాడియాల కుటుంబానికి చెందిన రియాద్ విన్సీ వాడియా ఆమె జీవితం మీద ఒక డాక్యుమెంటరీ తీశాడు. అప్పుడు దేశవిదేశాల్లో కొత్త తరం వాళ్లు ఆమె సినిమాలు చూసి ఆశ్చర్యపోయారు. ఒకప్పుడు చెత్త అన్న సినిమాల మీద పుస్తకాలు కూడా వచ్చాయి. 1996 జనవరి 9న, 88వ పుట్టినరోజు జరిగిన మర్నాడే, ఆమె ముంబయిలో కన్నుమూసింది. చిత్రంగా, ఫ్రాంటియర్ మెయిల్ రైలు పేరు కూడా అదే సంవత్సరం గోల్డెన్ టెంపుల్ మెయిల్‌గా మారిపోయింది. 2018లో ఆమె 110వ పుట్టినరోజున గూగుల్ వాళ్లు తమ మొదటి పేజీలో ఆమె బొమ్మ వేశారు. కొరడా పట్టిన ఆ బొమ్మని చూసి ఈమె ఎవరని లక్షలమంది వెతికి ఉంటారు.

మనం గ్రహించవలసింది

నాడియా రాజకుమార్తె కాదు, పెద్ద చదువులు లేవు, తండ్రి లేని పిల్ల. దుకాణంలో సరుకులమ్మింది, సర్కస్‌లో చేసింది. తన దగ్గరున్నది తన ఒళ్లు, తన ధైర్యం. ఆ రెంటినీ ఆమె ఎక్కడా అబద్ధం చెయ్యలేదు. అందుకే అబద్ధాల కథల్లో కూడా నిజంగా మిగిలింది.

కాబట్టి ఫైటింగు సినిమా చూసినందుకు సిగ్గుపడనక్కర్లేదు. కానీ చూసొచ్చి హాస్టలు డాబా మీదనుంచి దూకకూడదు, చీపురు పుల్లలతో కళ్లు పొడుచుకోకూడదు. నాడియా దూకడానికి ముందు పదేళ్లు గుర్రం మీద, నాట్యశాలలో, సర్కస్‌లో ఒళ్లు వంచి నేర్చుకుంది.

మనం కూడా ఒకరోజు మధురికలాగ చదువు ముగించుకుని మన ఊళ్లకి తిరిగి వెళతాం. సంతలో చింతపండు తూకంలో దగా, అర్థంకాని కాగితం మీద వేలిముద్ర, పదో తరగతి కాకముందే ఆడపిల్ల పెళ్లి, ఇవన్నీ అక్కడ మనకోసం కాచుకునే ఉంటాయి. మన చేతిలో కొరడా ఉండదు. లెక్క చూడ్డం, కాగితం చదవడం, లేచి నిలబడి అడగడం ఉంటాయి. అక్కడ కెమెరా ఉండదు, డూపు కూడా దొరకడు. మన ఫైటింగు మనమే చెయ్యాలి.